ఇంటి రేడియోతో తరంగాన్వేషణము

రాత్రి భోజనములైన పిమ్మట, వార్తలు ముగిసి, రేడియో కట్టివేయబోవు ముందు ముల్లును ఊరకే అటునిటు త్రిప్పి చూడని వారు అరుదు. ఒకచోట తెలియని భాషలో పాట వినిపించును. మరియొకచోట ఎవరో వార్తలు చదువుచుందురు. నడుమ గురగుర ధ్వని. అందులోనుండి ఒక మాట తేలి, అంతలోనే మునిగిపోవును. "ఎక్కడిదో!" అని నవ్వుకొని సెట్టు కట్టివేయుదుము. ఆ "ఎక్కడిది?" అను ప్రశ్నను అక్కడనే విడిచిపెట్టక, దానికి సమాధానము వెదకుటయే మేమిక్కడ చెప్పదలచిన వినోదము. ఇంగ్లీషువారు దీనిని స్కానింగు అందురు. మనము తరంగాన్వేషణమని పిలుచుకొందము.

ఈ వినోదమునకు ఖరీదైన యంత్రము కావలెనని పలువురు తలంతురు. మేమును మొదట అట్లే తలచితిమి. కాని ఆరంభమునకు కావలసినవి మూడే: ఇంటనున్న రేడియో, ఒక నోటుపుస్తకము, ఒక గంట తీరిక. ఈ మూడింటిలో మిక్కిలి ముఖ్యమైనది నోటుపుస్తకమే. అది ఎందులకో చివర మనవి చేయుదుము.

నూట ఇరువది గదులు

మొదట మధ్యతరంగములతో, అనగా మీడియం వేవుతో, ఆరంభించుట మంచిది. ఈ తరంగములపై పనిచేయు కేంద్రములు తమకు తోచినచోట నిలువరాదు. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండముల దేశములు 1975లో జెనీవాలో చేసికొన్న ఏర్పాటు 1978 నవంబరు 23 నుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము కేంద్రమునకును కేంద్రమునకును 9 కిలోహెర్ట్జుల ఎడముండవలెను. మొదటి స్థానము 531. తరువాత 540, 549. ఇట్లు 1602 వరకు లెక్కించిన మొత్తము 120 స్థానములగును. ఇది నూట ఇరువది గదులుగల పెద్ద సత్రము వంటిది. ఒక్కొక్క గది తలుపు వద్ద అరనిమిషము నిలిచి చెవి యొగ్గినచో, సత్రమంతయు చుట్టివచ్చుటకు సరిగా ఒక గంట పట్టును.

అంకెలు కనిపించు సెట్టుగలవారికి ఈ పని సులభము. ముల్లు మాత్రమే కలవారు తమకు తెలిసిన కేంద్రములను మైలురాళ్ళుగా పెట్టుకొని, వాటి మధ్య దూరమును అంచనా కట్టవలెను. ప్రతి స్థానము వద్ద పుస్తకమున ఐదు విషయములు వ్రాయవలెను: తేదీ, గంట, స్థానము, వినిపించిన భాష లేక కార్యక్రమము, ధ్వని బలము. బలమునకు 1 నుండి 5 వరకు మార్కులు వేసిన చాలును. ఏమియు వినిపించనిచోట "ఏమియు లేదు" అని వ్రాయుట మరువరాదు. నేడు శూన్యముగానున్న గదిలో రేపు మాటలు వినిపించినపుడు, ఆ "ఏమియు లేదు" అను మాటకే విలువ వచ్చును.

కేంద్రము పేరు తెలిసికొనుట యెట్లు? చాల కేంద్రములు గంట ఆరంభమున తమ పేరు చెప్పును. అయితే ఇక్కడ ఒక కిటుకు కలదు. మన గడియారము అంతర్జాతీయ కాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందుగా నడచుచున్నది. అనేక దేశముల కాలము దీనికి పూర్ణ గంటలతోనే భేదించును. కనుక వారికి గంట కొట్టు సమయమున మనకు అరగంట అగును. మన దేశపు కేంద్రముల పేర్లకై గంటకును, దూరదేశముల కేంద్రముల పేర్లకై అరగంటకును చెవి యొగ్గవలెను.

మరియొక ఉపాయము. చిన్న రేడియోల లోపల మధ్యతరంగముల కొరకు ఫెర్రైటు అను నల్లని కడ్డీ యుండును. సెట్టును బల్లపై నుంచి మెల్లగా చుట్టు త్రిప్పినచో, ఒక దిక్కున ధ్వని హఠాత్తుగా క్షీణించును. అప్పుడు ఆ కడ్డీ కొన కేంద్రమువైపునకు గాని, సరిగా దానికి ఎదుటి దిక్కునకు గాని చూపుచున్నదని గ్రహింపవలెను. పిల్లల పాఠశాల పటముపై మన ఊరిమీదుగా ఆ దిక్కున ఒక గీత గీచిన, తెలియని కేంద్రము ఆ గీతమీద ఎక్కడనో యుండును. భూగోళ పాఠము ఇంతకంటె రుచికరముగా చెప్పుట కష్టము.

రాత్రి దూరమేల వినిపించును?

పగలు మధ్యతరంగములపై సమీప కేంద్రములే వినిపించును. పొద్దు గ్రుంకిన పిమ్మట వందల మైళ్ళ దూరమునుండి స్వరములు వచ్చును. దీనికి కారణము మన తలలపైనున్న అయనావరణము. సూర్యరశ్మి సోకినంతసేపు, భూమికి సుమారు 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర ఏర్పడి, పైకి పోవు మధ్యతరంగములను మ్రింగివేయును. నేలను అంటుకొని పోవు తరంగములే మనకు మిగులును. రాత్రి ఆ పొర కరగిపోవును. అప్పుడు తరంగములు ఇంకను పైకి పోయి, 100 కిలోమీటర్లకు పైనున్న పొరలను తాకి, అద్దము నుండి వెలుగు మరలినట్లు, దూరప్రదేశములపై దిగును.

ఇట్టి పొర యున్నదని 1924లో ప్రయోగపూర్వకముగా నిరూపించిన ఏపిల్టన్ పండితునకు 1947లో నోబెల్ బహుమానము లభించెను. మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునను ఆచార్య బి. రామచంద్రరావుగారి ఆధ్వర్యమున అయనావరణముపై పరిశోధనలు జరిగినవి. రాత్రివేళ ముల్లు త్రిప్పు గృహస్థుడును, తనకు తెలియకయే, ఆ పొరల నడకను గమనించుచున్న వాడే.

హ్రస్వతరంగములు, అనగా షార్టు వేవు, ఈ పొరల సాయముననే ఖండములు దాటును. పగలు పెద్ద అంకెల స్థానములు, రాత్రి చిన్న అంకెల స్థానములు బాగుగా పనిచేయును. డయలుపై మీటర్లు, మెగాహెర్ట్జులు కలగాపులగముగా నుండి తికమక పెట్టినచో ఈ సూత్రము గుర్తుంచుకొనవలెను: 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించిన మీటర్లు వచ్చును. 9.6 మెగాహెర్ట్జుల వద్ద వినిపించు కేంద్రము 31 మీటర్ల వరుసలోనిదని దీనివలన తెలియును.

ఎఫ్.ఎం. సంగతి వేరు. ఆ తరంగములు అయనావరణమున నిలువక పైకి చొచ్చుకొని పోవును. కనుక అవి చూపు సాగినంత దూరమే, దానికి మించి కొంచెమే, మనకు అందును. ఆ దూరమును లెక్కించుట సులభము. ఎత్తు ఎన్ని మీటర్లో చూచి, దాని వర్గమూలమును 4.1 చేత హెచ్చించిన కిలోమీటర్లు వచ్చును. మన మేడమీది ఏరియల్ 9 మీటర్ల ఎత్తుననున్న, మన వంతు 12 కిలోమీటర్లు. 100 మీటర్ల స్తంభముగల కేంద్రపు వంతు 41. రెండును కలిసి 53 కిలోమీటర్లు. కేంద్రము కొండమీద నున్నచో ఆ వంతు ఇంకను పెరుగును. నడుమ కొండ అడ్డము వచ్చిన తరుగును. అప్పుడప్పుడు, ముఖ్యముగా సముద్రతీరమున వేసవి దినములలో, నీటిపైనున్న చల్లని గాలికిని దానిపైని వెచ్చని గాలికిని నడుమ తరంగములు చిక్కుకొని, గొట్టములోని నీటివలె మిక్కిలి దూరము ప్రవహించుట కలదు. అట్టి రేయి ఎఫ్.ఎం. ముల్లు త్రిప్పినవారికి ఎన్నడు వినని ఊరి ప్రకటనలు వినిపించును.

ఇంటిలోని శత్రువులు

మేము మొదటిసారి మేడమీద తీగ కట్టి, ఎంతో ఆశతో సెట్టు ముందు కూర్చుంటిమి. వినిపించినది కేంద్రములు కావు, కందిరీగల రొద. తీగను మార్చితిమి, సెట్టును తిట్టితిమి, వాతావరణమును నిందించితిమి. ఇంతలో ఇంటి పిల్లవాడు తన ఫోనుకు తగిలించిన ఛార్జరును పెరికి తీసికొనిపోయెను. రొద సగము తగ్గెను. వసారాలోని ఎల్.ఇ.డి. దీపము ఆర్పగా మిగిలిన సగమును తగ్గెను. ఆకాశమున లేని తుఫాను మా గోడలయందే యుండెనని అప్పుడు తెలిసినది.

కనుక వెదకుటకు ముందు ఇంటిని శోధింపవలెను. సెట్టును బ్యాటరీమీద నడపుచు, ఖాళీ స్థానమున ముల్లు నిలిపి, ఒక్కొక్క వస్తువును ఆర్పుచు రావలెను. ఛార్జర్లు, చౌకరకపు ఎల్.ఇ.డి. దీపములు, ఇన్వర్టరు, టెలివిజను పెట్టె: సామాన్యముగా దోషులు వీరే. కరెంటు పోయిన రాత్రి అందరును విసుగుకొందురు. అన్వేషకునికి మాత్రము అది పండుగ. వీధి అంతయు చీకటిగానున్నపుడు ఆకాశము ఎంత నిశ్శబ్దమో, ఆ నిశ్శబ్దమున ఎన్ని స్వరములున్నవో, ఒకసారి విన్నవారు మరువలేరు.

హ్రస్వతరంగముల కొరకు పది మీటర్ల తీగ ఏరియల్‌గా చాలును. దానిని విద్యుత్తు తీగల దగ్గరకు గాని, వాటిపైగా గాని, క్రిందుగా గాని కొనిపోరాదు. ఉరుములు వినిపించినంతనే సెట్టునుండి తీగను విడదీయవలెను. ఈ రెండు నియమములను పాటింపలేనివారు సెట్టుకున్న ఏరియల్‌తోనే తృప్తిపడుట క్షేమము.

యంత్రము చేయు అన్వేషణము

చేతితో మనము చేయు పనినే త్వరితముగా చేయు యంత్రమునకు స్కానరు అని పేరు. మనము కోరిన స్థానముల సంఖ్యలను దానికి ముందే అప్పగింతుము. అది ఒకదాని తరువాత ఒకదానిని, సెకనుకు అనేక స్థానముల చొప్పున, తాకుచు పోవును. ఖాళీ స్థానపు గురగుర ధ్వని మన చెవిని పడకుండ ఆపుటకు దానియందు స్క్వెల్చ్ అను ద్వారపాలకుడు కలడు. నిర్ణీత బలమునకు మించిన తరంగము తగిలినపుడే అతడు తలుపు తీయును. యంత్రము అక్కడ ఆగి, మాట వినిపించి, అది ముగిసిన కొలది క్షణములకు తిరిగి పరుగు తీయును. ద్వారపాలకుని మరీ కఠినునిగా చేసిన బలహీనమైన మాటలు తప్పిపోవును. మరీ మెత్తనివానిగా చేసిన ప్రతి రొదకును యంత్రము ఆగిపోవును. గురగుర సరిగా ఆగుచోటనుండి వెంట్రుకవాసి మాత్రమే బిగించుట సరియైన పద్ధతి.

నేడు గంటసేపటి పనిని క్షణకాలమున చేసి, ఆకాశపు భాగమును తెరపై బొమ్మగా చూపు చిన్న పరికరములును కలవు. వాటిని కంప్యూటరుకు తగిలింతురు. కాని యంత్రము ఎంత వేగముగా పరుగెత్తినను, తాను విన్నదేమో దానికి తెలియదు. "ఎక్కడిది?" అను ప్రశ్న మనదే.

మనకు చెప్పని మాటలు

ఇక్కడ పాఠకులను ఒక్క నిమిషము ఆపవలసియున్నది. ఆకాశమున రెండు రకముల మాటలు పోవుచుండును. ఒకటి అందరికి చెప్పునది: ప్రసార కేంద్రముల పాట, వార్త, ప్రసంగము. రెండవది ఒకరు వేరొకరికి చెప్పుకొనునది: పోలీసులు, విమానములు, ఓడలు, అగ్నిమాపకదళములు మాటలాడుకొనునవి. మొదటిది మన వీధి గుమ్మమున నిలిచి పిలుచు పిలుపు. రెండవది పొరుగింటి గోడ అవతలి సంభాషణ.

అమెరికాలో సామాన్య జనులు స్కానర్లతో పోలీసు మాటలు వినుట చిరకాల వాడుక. అయినను అక్కడ పెక్కు నగరముల పోలీసులు తమ సంభాషణలను ఇతరులకు అర్థము కాకుండునట్లు సంకేతములలోనికి మార్చుకొనుచున్నారు. ఇంగ్లండున తనకు ఉద్దేశింపని సందేశమును అనుమతిలేక వినుటయే నేరము. మన దేశమున 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము రేడియో పరికరములు కలిగియుండుటకే అనుమతి కావలెనని చెప్పినది. వెనుకటి తరమువారు పోస్టాఫీసున రేడియో లైసెన్సు రుసుము కట్టినది ఈ కారణముననే. గృహస్థుల ఆ లైసెన్సు 1980ల దశకమున తొలగినది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టము ఇతరుల సందేశములను అక్రమముగా పట్టుకొనువారికి కారాగారశిక్ష, భారీ జరిమానా విధించుచున్నది.

కావున సామాన్య ప్రసారములు వినుటకు తప్ప, విస్తృత పరిధిగల స్కానరును కొనదలచినవారు ముందుగా కేంద్ర ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖవారి నియమములను తెలిసికొని, అవసరమైన అనుమతి పొందిన పిమ్మటనే కొనవలెను. అంగడివాడు "ఏమియు ఫరవాలేదు" అనుట అనుమతి కాజాలదు. పొరపాటున ఇతరుల మాట చెవిని పడినచో ముల్లు త్రిప్పివేయవలెను. పుస్తకమున వ్రాయరాదు, అరుగుమీద చెప్పరాదు. దానిని ఎవరికిని వెల్లడింపరాదనుట అంతర్జాతీయ రేడియో నిబంధనలలోనే యున్నది.

వినుటతో తృప్తిపడక మాటలాడదలచిన వారికి రాజమార్గము కలదు. దానికి అమెచ్యూర్ రేడియో అని పేరు. హామ్ రేడియో అనియు అందురు. 12 ఏండ్లు నిండినవారు టెలికమ్యూనికేషన్ల శాఖవారి పరీక్షయందు కృతార్థులై లైసెన్సు పొందవచ్చును. హైదరాబాదున 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను ప్రచారము చేసినది. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ గారు ఒక బృందముతో అండమాన్ దీవులకు పోయి, పోర్టు బ్లెయిరునుండి లోకమందలి అమెచ్యూర్లతో మాటలాడుచుండిరి. అది కేవలము వినోదము. డిసెంబరు 26వ తేదీ ఉదయము భూకంపమును, దాని వెంట సునామీయును వచ్చి వార్తాసౌకర్యములు తెగిపోగా, ఆ వినోదమునకై తెచ్చిన పరికరములే దీవులకును ప్రధాన భూమికిని నడుమ క్షేమసమాచారములను మోసినవి.

పుస్తకమెందులకు?

అట్టి మహత్కార్యములు అందరికి లభింపవు. కాని ప్రతి గృహస్థునకును తన యింటి వరకు ఉపయోగపడు పని యొకటి కలదు. నోటుపుస్తకము ముఖ్యమని మొదట చెప్పినది అందులకే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినపుడు కరెంటు పోయినది, సెల్‌ఫోనులు మూగవోయినవి. కొన్ని ప్రాంతములలో దినములకొలది అదే స్థితి. చేతిలో వెలలేని ఫోనున్నను, గాలి ఎప్పుడు తగ్గునో, నీరు ఎక్కడ దొరకునో తెలియదు. అట్టి దినమున బ్యాటరీ సెట్టు కన్నులు లేనివానికి చేతికర్ర వంటిది. కాని మన సమీపకేంద్రపు స్తంభమే కూలినచో? ముల్లు ఎక్కడ నిలుపవలెను? వాన కొట్టుచుండగా, దీపము లేని గదిలో, పిల్లలు భయపడుచుండగా, నూట ఇరువది గదుల తలుపులు తట్టుటకు అది సమయము కాదు.

తన పుస్తకమున ముందే వ్రాసికొన్నవానికి వెదకులాట లేదు. పగటివేళ మన యింటికి అందు కేంద్రములేవి, రాత్రివేళ అందునవేవి, ఒకటి ఆగిన రెండవది ఏది, తెలుగున వార్తలు చెప్పునవేవి, అవి వచ్చు గంటలేవి: ఇది అంతయు ఒక్క పుటలో ఇముడును. ఈ పుట ఏ గ్రంథాలయమునను దొరకదు, ఎవరును అచ్చువేయలేరు. ఎందుకనగా మన యింటికి అందునది మూడవ వీధివారికి అందకపోవచ్చును. అది మన కప్పు, మన కొండ, మన తీగలు కలిసి నిర్ణయించు సంగతి.

ఒకసారి వ్రాసి అటకెక్కించిన చాలదు. కొన్ని సంవత్సరములుగా మధ్యతరంగ ప్రసారిణులు కొన్ని మూతపడుచున్నవి, ఎఫ్.ఎం. కేంద్రములు పెరుగుచున్నవి. నిన్నటి పుస్తకము రేపు అబద్ధమాడును. తుఫానుల కాలమునకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, మధ్యాహ్నమొక గంట, రాత్రియొక గంట వెచ్చించి పుటను సరిదిద్దవలెను. ఆ పుటకు ఒక ప్రతి వ్రాసి, సెట్టు వెనుక అంటించి, బ్యాటరీలను ప్రక్కన నుంచినచో పని ముగిసినట్లే.

దూరకేంద్రమును వినినపుడు తేదీ, గంట, విన్న విషయము, ధ్వని బలము వ్రాసి వారికి జాబు పంపిన, చాల కేంద్రములు ధ్రువపత్రముగా ఒక చక్కని కార్డు పంపును. దానిని పిల్లలు దాచుకొందురు. అదియు ఈ వినోదమున భాగమే. కాని కార్డు రాకున్నను నష్టము లేదు. మన ఇంటిపైని ఆకాశమున ఏమున్నదో మనకు తెలిసినది. అక్కరపడిన రాత్రి ఎటు తిరుగవలెనో తెలిసినది.

కనుక ఈ రాత్రి వార్తలు ముగిసిన పిమ్మట సెట్టు కట్టివేయకుడు. ఇంటిలోని వారిని పిలిచి, అనవసరమైన దీపములు ఆర్పి, పుస్తకము తెరచి, ముల్లును 531 వద్ద నిలుపుడు. మొదటి గదిలో ఏమియు వినిపింపకపోయిన అదియే వ్రాసికొని, రెండవ గదికి సాగుడు.